తూర్పు గేటు

నా భార్య వీరదుర్గను చంపింది తూర్పు గేటు. ఆ గేటు పెట్టించింది ఆమె తమ్ముడు గోపీనాథ్. స్కూటీ జారి పడిందని పోలీసులు రాసుకున్నారు. రాసుకోనివ్వండి. వానలో నల్లమట్టి గట్టు మీద స్కూటీ జారక ఏం చేస్తుంది? ఆమె ఆ గట్టు మీదికి ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో వాళ్ళు రాయలేదు.

బండి మీద బతికేవాడి ఇల్లు ఎలా ఉండాలో కారులో తిరిగేవాడు నిర్ణయిస్తే జరిగేది ఇదే.

నేను మండవల్లి దగ్గర పల్లెలో పుట్టి పదో తరగతితో ఆపేసినవాణ్ణి. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో పనిచేశాను. ఇల్లు ఏలూరులో. రోజూ బండి మీదే వెళ్ళి బండి మీదే వచ్చేవాణ్ణి. రైలు పాసు తీసుకోవచ్చు కదా అని దారినపోయే ప్రతివాడూ చెప్పేవాడు. రైలు ఎక్కేవాడు స్టేషన్‌కు ఆటో కోసం నిలబడతాడు, దిగాక మళ్ళీ ఆటో కోసం నిలబడతాడు, మధ్యలో రైలు ఎందుకు ఆగిందో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. ఆ బతుకు నాకు అక్కర్లేదు.

ఇల్లు కొనేవాళ్ళు వంటింటి అరలు చూస్తారు, బాత్రూం టైల్స్ చూస్తారు, మేడ మీదికి వెళ్ళి గాలి బాగుందంటారు. గేటు దాటాక చక్రం దేని మీద పడుతుందో ఒక్కడూ చూడడు. నేను అదొక్కటే చూశాను. ఏలూరు దాటగానే కైకలూరు రోడ్డు పక్కన దొరికింది ఆ ఇల్లు. దక్షిణం వైపు గేటు, గేటు ముందు తారు రోడ్డు. తూర్పున ప్రహరీ, దాని వెనక మురుగు డ్రెయిన్, డ్రెయిన్ గట్టు. గట్టుతో నాకు పని లేదు. ఆ ఇంట్లో కొన్నేళ్ళు బాగానే ఉన్నాం.

గోపీనాథ్ స్థలాలు, ఫ్లాట్లు అమ్మిస్తాడు. కారు కొన్న రోజునే ద్వారకా తిరుమల తీసుకెళ్ళి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. ప్లాట్లు కొనేవాళ్ళు అడుగుతారని వాస్తు కూడా నేర్చుకున్నాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "దక్షిణ నైరుతి నడకండీ బావగారూ. ఇంటి ఆడదానికి మంచిది కాదండి" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఉంది కదా" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఉండటం వేరండి."

వాడి మాట నేను పట్టించుకోలేదు. తర్వాత ఒకనాడు షెడ్డు నుంచి వచ్చేసరికి దక్షిణం గేటు ఉన్నచోట ఇటుక గోడ ఉంది. సిమెంటు ఇంకా తడిగా ఉంది. తూర్పు ప్రహరీ పగలగొట్టి, గట్టు మీదికి కొత్త గేటు పెట్టారు. వీరదుర్గ వరండాలో నిలబడి, "తమ్ముడు చెప్పాడండీ. మన మంచికే కదా" అంది. నేను చెంబెడు నీళ్ళు తాగి లోపలికి వెళ్ళిపోయాను. ఆ గోడను ఆ రాత్రే పగలగొట్టేవాణ్ణి. కానీ ఇంటి ఆడదాని క్షేమం పేరు చెప్పి కట్టిన గోడను మొగుడు పగలగొడితే, రేపు ఆమెకు తలనొప్పి వచ్చినా మా వాళ్ళంతా నా ముఖం వైపే చూస్తారు. మా వైపు వాస్తు గోడ కట్టడం తేలిక. దాన్ని కదిలించినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు.

ఆ గట్టు ఎండాకాలం సిమెంటు రోడ్డులా ఉంటుంది. వాన పడితే సబ్బు. వీరదుర్గ బండి బాగా నడిపేది. నేర్పింది నేనే. తొలి వానలకు కూరగాయల కోసం బయల్దేరింది. గేటు దాటి ఎంతో దూరం పోలేదు. స్కూటీ పక్కకు జారి డ్రెయిన్‌లో పడింది. ఆమె కింద, బండి పైన. బాతులు మేపేవాళ్ళు చూసి కేకలు వేశారట. పైకి తీసేసరికే అయిపోయింది.

ఆ ఇల్లు అమ్మేశాను. కొన్నవాడు తూర్పు గేటు చూసి సంతోషించాడు. ఆటోనగర్ పని మానేసి తాడేపల్లిగూడెం వచ్చి ఒక రైస్ మిల్లులో మెకానిక్‌గా చేరాను. మిల్లు వెనక గది. గది ముందు తారు రోడ్డు.

మా అమ్మాయి తేజశ్రీ ఫిషరీస్ చదివింది. చేపల మేత అమ్మే కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు విజయవాడలో, పని కొల్లేటి చెరువుల మీద. వారంలో సగం రోజులు కైకలూరు, మండవల్లి చెరువు గట్ల మీద రైతులతో మాట్లాడాలి, మిగతా సగం ఆఫీసులో కూర్చుని వాళ్ళేమన్నారో చెప్పాలి. స్కూటీ ముట్టుకోనని చెప్పి పెద్ద బండే కొనుక్కుంది. బాగా నడుపుతుంది. వాన పడితే గట్టు మొదట్లోనే స్టాండు వేసి చెరువు దాకా నడిచి వెళ్తుంది. రైతులు నవ్వుతారని మానదు.

విజయవాడ హాస్టల్లో ఉండలేక ఇల్లు వెతుక్కుంటానని మొన్న వానాకాలం ముందు ఫోను చేసింది.

"ఆదివారం వస్తావా నాన్నా? మావయ్య ఇళ్ళు చూపిస్తానన్నాడు."

"వాడొస్తే నేను రాను."

"నువ్వు రాకపోతే మావయ్య ఏది బాగుందంటే అది తీసుకుంటాను. నీ ఇష్టం."

"వాడు ఎంచిన ఇంట్లో నువ్వుంటే ఆ గడప నేను తొక్కను. నీ పెళ్ళికైనా సరే."

"పెళ్ళి ఇంట్లో చేయం కదా నాన్నా, ఫంక్షన్ హాల్లో చేస్తాం. ముందు ఆదివారం రా."

నవ్వే మాట కాదని దానికీ తెలుసు. నేను అన్న మాట మీద నిలబడే మనిషినని ఇంకా బాగా తెలుసు. నాకు మిగిలింది అదొక్కతే. అయినా వాడు చూపిన గుమ్మంలోకి వెళ్ళి కాఫీ తాగే ప్రశ్న లేదు. ఆదివారం పొద్దున్నే బండి తీశాను.

మొదటిది గన్నవరం దగ్గర అపార్ట్‌మెంటు. నేనూ తేజా బండ్ల మీద వెళ్ళాం. గోపీనాథ్ కారు అప్పటికే నీడలో ఉంది. నన్ను చూసి, "ఎండగా ఉంది కదండీ బావగారూ, కారులో రావాల్సింది" అన్నాడు. మేం మాట్లాడుకున్న మొదటి మాట అదే, వీరదుర్గ కర్మ అయ్యాక.

సెల్లారులోకి దిగే ర్యాంపు నిటారుగా ఉంది. దాని మీద నున్నటి రాళ్ళు పరిచారు. అద్దంలా మెరుస్తున్నాయి. తడి టైరుతో అక్కడ బ్రేకు వేసినవాడు ఆస్పత్రిలో లేస్తాడు. కట్టినవాడికి ఆ ఆలోచన రాలేదు. వాడూ కారులోనే తిరుగుతాడు. తేజా దిగబోతుంటే వాచ్‌మన్ ఆనంద్ పాల్ పరిగెత్తుకొచ్చాడు.

"టూ వీలర్లు బయట పెట్టుకోవాలండి. లోపల కార్లకేనండి."

"వాన వస్తే?" అన్నాను.

"కవరు కప్పుకోవాలండి."

"బండికా, మనిషికా?"

"రెండిటికీ ఉంటే మంచిదేనండి" అని నవ్వాడు. ఆ భవనంలో ఆ రోజు నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

గోపీనాథ్ మాత్రం పైన చూడమని ఒకటే గోల. "లిఫ్టు ఉందండి. జనరేటర్ ఉందండి. అయిదో అంతస్తు, ఈశాన్యం బాల్కనీ..."

"లిఫ్టు మండవల్లి దాకా వెళ్తుందా?" అన్నాను.

"నాన్నా" అంది తేజా. అని, తనే ర్యాంపు వైపు మరోసారి చూసి బండి తిప్పుకుంది.

రెండోది హనుమాన్ జంక్షన్‌లో, హైవేకి లోపలగా ఉన్న కాలనీలో. ఆ కాలనీలో ప్రతి గృహస్థుడూ తన ఇంటి ముందు ఒక స్పీడ్ బ్రేకరు పోయించుకున్నాడు. ఎవడి పిల్లలు వాడికి ముద్దు, పక్కవాడి పిల్లల ముందు మాత్రం వీళ్ళే సర్రున పోతారు. దిబ్బలు ఎక్కుతూ దిగుతూ వెళ్ళేసరికి నడుం పోయింది. ఇంటాయన పేరు హేమంత్‌కుమార్, బ్యాంకు ఉద్యోగి. లుంగీ మీద బయటికొచ్చి తేజా బండి చుట్టూ తిరిగాడు.

"ఎవరిదండీ ఇది?"

"నాదండి" అంది తేజా.

"అంటే, మీ వారిదా?"

"నాకు పెళ్ళి కాలేదండి."

"ఓహో, నాన్నగారిది."

"నాన్నగారిది అదిగోండి, ఆ పాతది. ఇది నాది."

ఆయన సైలెన్సర్ వైపు వంగి చూశాడు. "చప్పుడు ఎక్కువేమోనండి. మా వీధి అంతా ఫ్యామిలీలు."

"మీ దిబ్బలన్నీ ఎక్కి దిగాక చప్పుడు చేసే ఓపిక బండికి ఉండదులెండి" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అద్దె చెప్పడం మొదలుపెట్టాడు. గోపీనాథ్ కారు ఆ సందులో తిప్పలేక వెనక్కి ముందుకి పోతున్నాడు. వాడి కారు ఇబ్బంది పడటం చూడటానికి ఇంకాసేపు ఉండేవాణ్ణి. తేజా వెళ్దామంది.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. గోపీనాథ్ మా ఇద్దరికీ మధ్య కూర్చోబోయి, ఆలోచించి, తేజాకి అవతలి పక్క కూర్చున్నాడు. కైకలూరులోనే ఉండొచ్చు కదా అని ఆఫీసులో ఒకడు సలహా ఇచ్చాడట. "పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చేపల లారీల వెనకే పోవాలి మావయ్యా. ఐసు నీళ్ళు కారుతూనే ఉంటాయి, రోడ్డంతా జిగురు" అని తేజా చెప్పింది. గోపీనాథ్ టీ గ్లాసులోకి చూస్తూ, "అవునమ్మా, ఆ నీళ్ళు చాలా చెడ్డవి" అన్నాడు. వాడికి రోడ్డు గురించి ఏం తెలుసని నాకు ఒళ్ళు మండింది.

మూడోది వాడు చూపించింది కాదు. తేజా తనే వెతుక్కుంది. ఏలూరు చివర, కైకలూరు రోడ్డు మీదే. మా పాత ఇంటికి కాస్త ఇవతల. ఇంటివాళ్ళు దత్తాత్రేయులు గారు, సీతాలక్ష్మి గారు. ఆయన హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. కింద వాటా ఖాళీగా ఉంది.

నేను లోపలికి వెళ్ళలేదు. ముందు రోడ్డు చూశాను. తారు గట్టిగా ఉంది. గేటుకీ రోడ్డుకీ మధ్య కాలువ మీద వెడల్పు పలక, అంచులు విరగలేదు. వరండా పక్కన రేకుల షెడ్డు, బండి తడవదు. ఇటునుంచి విజయవాడ వెళ్ళొచ్చు, అటునుంచి కొల్లేటికి దిగొచ్చు. ఆ రోజు చూసినవాటిలో మనిషి కట్టిన ఇల్లు ఇదొక్కటే. తేజా గేటులోంచి బండి బయటికి తీసి, కొంత దూరం పోయి, తిరిగొచ్చి లోపల పెట్టింది. దాని ముఖం చూస్తే తెలిసిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది నాన్నా."

సీతాలక్ష్మి గారు కాఫీ తెచ్చారు. "ఇల్లు చూడకుండా గేటు చూస్తున్నారేంటండీ మీరు?" అని నవ్వారు. అంతలో గోపీనాథ్ కారు దిగాడు. గేటు దగ్గర, అచ్చం ఆనాడు మా ఇంటి ముందు నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది వద్దు తేజా."

నేను కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టాను.

"ఏ మూల పోటొచ్చిందిరా నీకు? నైరుతా, ఆగ్నేయమా? ఇంకో గోడ కట్టిస్తావా? ఇక్కడ కూడా వెనక డ్రెయిన్ ఉందేమో చూసుకో, గేటు అటు పెట్టిద్దువుగాని. ఒకదాన్ని పొట్టన పెట్టుకున్నావు, చాలదా?"

దత్తాత్రేయులు గారు లేచి నిలబడ్డారు. ఆవిడ ట్రే పట్టుకుని అలాగే ఉండిపోయారు. తేజా నా చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను.

గోపీనాథ్ గొంతు పెంచలేదు. వాడు ఎప్పుడూ పెంచడు. "వాస్తు కాదండీ బావగారూ" అన్నాడు.

"మరి?"

"లారీలండి."

అప్పుడే ఒకటి పోయింది. చేపల లారీ. దాని వెనక రోడ్డు మీద తడి చార మెరుస్తూ సాగింది. అది పోయేదాకా వాడు ఆగాడు.

"ఆ ఇంటి విషయంలోనూ వాస్తు కాదండి. మీ గేటు ముందు మలుపులో పాలాయన పోయాడు, గుర్తుందాండి? గేటులోకి తిరగబోతుంటే లారీ కొట్టేసింది. అక్క చూసిందండి. ఆ రోజు నుంచీ మీరు ఇంటికొచ్చే వేళకి గేటు పట్టుకుని నిలబడేది. మీరూ అలాగే లారీలకి అడ్డంగా తిరిగి లోపలికి రావాలి కదండీ. గేటు మార్చేద్దామని మీతో అందట. మీరు నవ్వారట."

అవును, ఆనాడు నవ్వాను. బండి చేతకానివాడు లారీ కింద పడతాడు, నాకు చేతనవును అన్నాను. అందులో తప్పేముంది? నేను ఏ లారీ కిందా పడలేదు.

"అప్పుడు నా దగ్గరకొచ్చిందండి. 'నేను చెబితే వినరు గోపీ. నువ్వు వాస్తు అని చెప్పు. నా పేరు మీదే చెప్పు, ఆడదానికి మంచిది కాదను. తిట్టుకుంటారు గానీ గోడ పగలగొట్టరు. గట్టు మీదికి లారీలు రావు, నిదానంగా వస్తారు' అంది. నేను వాన మాట అడిగానండి. కంకర పోయిద్దాం అంది. పోయించే లోపలే..."

"అబద్ధం" అన్నాను.

"నాన్నా" అంది తేజా. దాని గొంతు మారిపోయింది. దానికీ ఇది కొత్తేనని తెలిసింది. "అమ్మ వాస్తు ఎప్పుడు నమ్మింది? ఆషాఢంలో రేటు తగ్గిందని స్కూటీ ఆషాఢంలో కొనుక్కుంది. రాహుకాలంలో ఇంటికి తెచ్చింది. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. బండి కొన్నప్పుడు మా అక్క వెంకటనరసమ్మ నాలుగు రోజులు మా ఇంట్లో అన్నం తినకుండా మొత్తుకుంది. వీరదుర్గ నవ్వి ఊరుకుంది.

"మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాను గోపీనాథ్‌తో.

"మీతో చెప్పనని ఒట్టు వేయించుకుందండి. తర్వాత..." వాడు తేజా వైపు చూశాడు, మళ్ళీ నేల వైపు చూశాడు. "తర్వాత మీకు తిట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదండీ. నన్నే తిట్టుకోండి అనుకున్నాను."

అది మంచితనం అనుకున్నాడు. నేను వాణ్ణి మంచితనం అడిగానా? అక్క అడిగిందని నల్లమట్టి మీదికి గేటు పెట్టేవాడు తమ్ముడా? పక్కకు పిలిచి నాకు ఒక్క ముక్క చెబితే, తారు రోడ్డు మీదే నాలుగు బారల అవతల, మలుపు లేనిచోట పెట్టించేవాణ్ణి గేటు. ఇద్దరూ కలిసి నన్ను చిన్నపిల్లవాడికి మందు మింగించినట్టు చేశారు. ఆమె పోయింది, ఆమెను ఏమీ అనలేను. వాడు ఉన్నాడు.

ఇదంతా నేను పైకి అనలేదు. పరాయివాళ్ళ గుమ్మం అది. సీతాలక్ష్మి గారు కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఆవిడకు ఏం పోయిందని.

తేజా మా ఇద్దరినీ వదిలేసి ఆవిడ దగ్గరికి వెళ్ళింది. "వాటా నేను తీసుకుంటానండి. ఒకటో తారీఖు నుంచి" అంది. తర్వాత మేనమామ వైపు తిరిగింది.

"మావయ్యా, లోపలికి తిరిగే ముందు ఎడమ పక్కకు తీసి ఆగుతాను. వెనకొచ్చే లారీ పోయేదాకా కదలను. ఆగడం నాకు వచ్చు. నీకు భయమేస్తే నాతో చెప్పు. ఇంకొకళ్ళతో చెప్పి, గోడలు కట్టించి కాదు."

"అలాగేనమ్మా" అన్నాడు వాడు.

"నాన్నా, మావయ్య ఎంచిన ఇంటి గడప తొక్కనన్నావు. మావయ్య దీన్ని వద్దన్నాడు. కాబట్టి నువ్వు వస్తావు. మావయ్యా వస్తాడు. ఒకే రోజు వస్తే ఇద్దరికీ ఒకే కూర."

దానికి వాళ్ళమ్మ తెలివే వచ్చింది. ఆ తెలివి నాకు నచ్చదు.

"మావయ్యతో ఒక్కమాట మాట్లాడి వెళ్ళు" అంది. గోపీనాథ్ గేటు పక్కన నిలబడి ఉన్నాడు, చొక్కా అంతా చెమట. ముసలివాడైపోయాడు. ఆ సంగతి అప్పటిదాకా చూడలేదు. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. రోడ్డు రెండు వైపులా చూశాను. ఒక లారీ దూరంగా వస్తోంది. అది దాటిపోయాక బండి రోడ్డెక్కించాను. తాడేపల్లిగూడెం వచ్చేదాకా ఎక్కడా ఆగలేదు.

తేజా ఆ ఇంట్లోనే ఉంటోంది. నెలకొకసారి వెళ్తాను. కొన్నిసార్లు గోపీనాథ్ కూడా ఉంటాడు. మేత ధర గురించి, విజయవాడ బైపాస్ గురించి మాట్లాడుకుంటాం. వాడు పప్పు వడ్డిస్తే వేయించుకుంటాను. అది చూసి మావాళ్ళు రాజీ అయ్యామని చెప్పుకుంటున్నారట. మా అక్క ఫోను చేసి, పోనీలేరా, ఇప్పటికైనా తెలిసింది కదా, వాడితో మనసు విప్పి మాట్లాడు అంటుంది. తేజా కంపెనీ వాళ్ళూ, మా మిల్లు వాళ్ళూ, సీతాలక్ష్మి గారూ, అందరికీ నా మనసు విప్పించాలని ఉంది.

జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పాను. నేను నవ్విన సంగతి కూడా దాచలేదు. ఆ పైన వాడి గురించి గానీ, ఆ గోడ గురించి గానీ, వీరదుర్గ గేటు పట్టుకుని నిలబడిన సాయంత్రాల గురించి గానీ నన్ను ఎవరూ అడగొద్దు. తేజా అడిగినా చెప్పను. ఈ విషయం నేను మళ్ళీ మాట్లాడను.